పదిహేను సెకన్లు నిలిచిన తెర

దేవరుప్పుల నుంచి తొర్రూరు పోయే దారిలో, ఒక క్రాస్‌రోడ్డు దగ్గరున్న ఎరువుల దుకాణంలో నేను మూడేళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. మా తండా అక్కడికి నాలుగు కిలోమీటర్లు. తండాలో డిగ్రీ దాకా చదివి, ఆపైన మహబూబాబాద్‌లో గది తీసుకుని ఆరు నెలలు హార్డ్‌వేర్ నేర్చుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకే దుకాణం యజమాని మా నాయినకు కబురు పంపి మరీ నన్ను పనిలోకి పిలిపించుకున్నాడు. ఆయన్ని చుట్టుపక్కల అందరూ సేటు అనేవారు. నేనూ అలాగే అనేదాన్ని. భూమి ఉన్న కుటుంబం, ఊళ్లో మాట చెల్లే మనిషి. కోపమొస్తే ముందు చెయ్యి లేచేది, మాట తర్వాత వచ్చేది. హమాలీలను కొట్టడం నేను నాలుగైదు సార్లు చూశాను. నన్ను ఎప్పుడూ కొట్టలేదు. కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని కాబట్టి ఆ చెయ్యి నా దాకా రాదని ఒక ధీమా ఉండేది నాకు.

ఆ కంప్యూటర్ చాలా పాతది. కొత్త సాఫ్ట్‌వేర్లు మోయలేక మూలుగుతుంటే నేనే దాన్ని మొత్తం తుడిచి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. అప్పటి నుంచి మొరాయించకుండా నడిచింది. రైతు వచ్చి వేలిముద్ర వేస్తే, పాసుబుక్కు నంబరు నేను కొడితే, చిట్టీ వచ్చేది. ఆ చిట్టీ చూపిస్తేనే గోదాములో బస్తా ఇచ్చేవాళ్లు. చిట్టీ లేకుండా ఒక్క బస్తా కూడా కదలకూడదని రూలు.

ఆ వానాకాలం యూరియాకు కరువొచ్చింది. మక్కజొన్న మోకాలెత్తు పెరిగి పసుపు పచ్చబడుతోంది, నాట్లు పడ్డ పొలాలు ఎదగకుండా నిలిచిపోయాయి. జనం కోడికూతకే వచ్చి చెప్పులు వరుసలో పెట్టి, ఎండెక్కేదాకా వాటి పక్కనే కూర్చునేవారు. ఒక్కో లారీకి వచ్చే బస్తాలు మొదటి వంద మందికి కూడా సరిపోయేవి కావు. మిగిలినవాళ్లు తిట్టుకుంటూ వెళ్లి మర్నాడు మళ్లీ వచ్చేవారు.

అలా మూడు రోజులు తిరిగిన ఒక పెద్దమనిషి, మా పక్క తండా ఆయన, మూడో రోజు మధ్యాహ్నం నా కిటికీ దాకా వచ్చేసరికి స్టాకు అయిపోయింది. డెబ్భై ఏళ్లుంటాయి. నాకు వరసకు కాకా అవుతాడు. సేటు నా వెనక నిలబడి కిటికీ తలుపు వేయబోతుంటే, ఆయన ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి సేటు మణికట్టు పట్టుకున్నాడు.

"మూడొద్దుల సంది వస్తున్న సేటు. ఇయ్యాల బస్తా ఇయ్యకుంటె నేను ఈడికెల్లి కదల" అన్నాడు.

సేటు చెయ్యి వదలమన్నాడు. ఆయన వదల్లేదు. సేటు చెయ్యి విదిలించుకుని, పక్క తలుపు తీసుకుని బయటికి పోయి, అరచేత్తో కాదు, పిడికిలితో ఆయన దవడ మీద కొట్టాడు. ముసలాయన వరుసలో ఉన్న చెప్పుల మీద వెల్లకిలా పడ్డాడు. తలపాగా ఊడి దొర్లింది. లేవబోతుంటే సేటు బామ్మర్ది, దుకాణం చూసుకునే మనిషి, డొక్కలో కాలితో ఒక్కటిచ్చాడు. నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. నోటి నుంచి నెత్తురు గడ్డం మీదికి కారుతుంటే ఇద్దరు మనుషులు ఆయన్ని ఆటోలో ఎక్కించి జనగామ దవాఖానకు తీసుకుపోయారు. వరుస మెల్లగా చెదిరిపోయింది. అరుగు మీద పడ్డ నెత్తుటి చుక్కలను తడిగుడ్డతో తుడవమని సేటు నాకు చెప్పాడు. తుడిచాను. ఆరు గంటలకు ఇంటికి పోయాను. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు, కానీ నేను పోయేసరికే తండా అంతటికీ తెలుసు. మా అమ్మ నాకు అన్నం పెట్టి, నేను తినేదాకా నా మొహం వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి దుకాణం తెరిచేసరికి రోడ్డు అవతల దాకా జనం. వరుస లేదు. చెప్పులు ఎవరి కాళ్లకు వాళ్లకే ఉన్నాయి. మూడు తండాలవాళ్లు, రెండు ఊళ్లవాళ్లు వచ్చారు. అందరికంటే ముందు కాకా కొడుకు నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, బోర్లు వేసే బండి మీద పనిచేసేవాడు. గోదాములో ఆ రోజు లారీ నిండుగా స్టాకు ఉంది. చిట్టీలు గబగబా ఇచ్చేస్తే ఎవరి బస్తా వాళ్లు ఎత్తుకుని పోతారు, కోపం కూడా పోతుంది అనుకున్నాను. సేటు కూడా అదే అనుకున్నట్టున్నాడు, తొందరగా మొదలుపెట్టమని రెండుసార్లు అన్నాడు.

పాస్‌వర్డ్ కొట్టాను. తెర మీద పచ్చని పొలం బొమ్మ వచ్చింది, ఐకాన్లు వచ్చాయి, కింద పట్టీ వచ్చింది. మౌస్ కదిపాను, కదిలింది. అంతలో డబ్బా మీది ఎర్ర లైటు ఆగకుండా వెలగడం మొదలైంది. మౌస్ గడ్డకట్టింది. తెర నల్లబడి మళ్లీ పాస్‌వర్డ్ అడిగే చోటికే వచ్చి నిలబడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే. మూడోసారి లెక్కపెట్టాను. లోపలికి పోయిన పదిహేను సెకన్లకు బయటికి తోసేస్తోంది.

ఆపి మళ్లీ ఆన్ చేశాను. అదే. సేటు నా భుజం మీదుగా వంగి డబ్బా నెత్తిన గట్టిగా చరిచాడు, తర్వాత కాలితో తన్నాడు. నేను దాన్ని పక్కకు లాక్కుని మూత విప్పి, లోపలి ర్యామ్ పలకను తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను. సగం రోగాలు దాంతోనే పోతాయి. ఇది పోలేదు.

కిటికీ దగ్గరికి పోయి చెప్పాను. "కంప్యూటర్ పడిపోతాంది అన్నా. జర ఆగున్రి, చూస్తున్న."

కాకా కొడుకు అప్పుడు మొదటిసారి నోరు తెరిచాడు. "నిన్న మా బాపు మీద చెయ్యి పడ్డది, ఇయ్యాల కంప్యూటర్ పడ్డదా?"

వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. బస్తాలు దొంగచాటుగా అమ్ముకోవడానికి నాటకమాడుతున్నారని ఒకరన్నారు. కాగితం మీద రాసుకుని ఇవ్వమని ఇంకొకరు అడిగారు. సేటు వినలేదు. చిట్టీ లేకుండా ఒక్క బస్తా కూడా బయటికి పోదని, తన లైసెన్సు పోతుందని కేకేశాడు. ఆ గొంతులో ఎక్కడా నిన్నటి సంగతికి సిగ్గు లేదు. మొదటి రాయి అప్పుడే వచ్చింది. నా నెత్తిమీది ట్యూబులైటు పగిలి గాజుముక్కలు కీబోర్డు మీద రాలాయి. వాటిని చీర కొంగుతో ఊడ్చేసి మళ్లీ కూర్చున్నాను.

పారిపోవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. వెనక గోదాము తలుపుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఈ డబ్బా లేచి నిలబడితే అన్నీ సద్దుమణుగుతాయని నా బుర్రలో ఒక్కటే నడుస్తోంది. నిన్న కూర్చునే ఉన్నందుకు ఇవాళ ఏదో ఒకటి చేయాలని కూడా ఉందేమో.

మూడు మీటలు కలిపి నొక్కితే బొమ్మలేమీ లేని నల్ల తెర వస్తుంది, అందులో తెల్ల అక్షరాలతోనే పని. అక్కడ లోపలికి పోయాను. నిమిషం చూశాను. పడిపోలేదు. అంటే మిషను బాగానే ఉంది, బొమ్మలు చూపించే డెస్క్‌టాప్ ఒక్కటే చస్తోంది. అక్కడి నుంచే కొత్త ఖాతా ఒకటి తయారుచేసి, దాంతో డెస్క్‌టాప్‌లోకి పోయాను. పదిహేను దాటింది, ఇరవై దాటింది. నిలబడింది. అయితే వేలిముద్ర యంత్రం, దుకాణం అనుమతులు అన్నీ పాత ఖాతాకే కట్టి ఉన్నాయి. కొత్తదానిలో చిట్టీ రాదు. కానీ రోగం ఎక్కడుందో తెలిసింది. అది నా పాత ఖాతా ఫోల్డర్లలోనే ఎక్కడో ఉంది.

ఆ మాట సేటుకు చెప్పడానికి తల తిప్పేసరికి, కిటికీ ఊచలను ఐదారు జతల చేతులు పట్టుకుని ఊపుతున్నాయి. గోడ నుంచి సిమెంటు రాలుతోంది. బామ్మర్ది గోదాములో నుంచి ఇనుప పైపు తెచ్చాడు. వద్దని నేను అన్నానో, అనుకున్నానో నాకిప్పటికీ గుర్తులేదు. అతను ఆ పైపుతో ఊచల మీదున్న వేళ్ల మీద కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు వేరు, మధ్యలో వేళ్లుంటే వచ్చే చప్పుడు వేరు. ఒక మనిషి చెయ్యి వెనక్కి తీసుకుని దాన్నే వింతగా చూసుకున్నాడు. చిటికెన వేలు తోలుకు వేలాడుతోంది. ఆయన అరవలేదు. ఆయన్ని చూసి పక్కవాళ్లు అరిచారు.

ఆ తర్వాత కిటికీ ఎంతోసేపు ఆగలేదు. ఊచల చట్రం మొత్తం గోడలో నుంచి ఊడి లోపలికి పడింది. మనుషులు దాని మీదుగా దూకారు. బామ్మర్ది చేతిలో పైపు ఎవరు లాక్కున్నారో చూడలేదు, కానీ ఆ పైపుతోనే అతని మీద పడ్డారు. చొక్కా పట్టుకుని గడప అవతలికి, మెట్ల మీదుగా బురదలోకి ఈడ్చారు. సేటు గోదాములోకి ఉరికి లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. గోడ మీదున్న సీసీ కెమెరాల రికార్డింగు డబ్బాను ఒకడు తీగలతో సహా పీకి రోడ్డు మీదికి విసిరాడు. దాని మీద ఇంకొకడు బండరాయి వేశాడు.

నేను మళ్లీ నల్ల తెర ముందు కూర్చున్నాను. డెస్క్‌టాప్ సెట్టింగుల ఫోల్డరు పేరు మార్చి, కొత్తది పుట్టేలా చేసి చూశాను. అయినా అదే పదిహేను సెకన్లు. ఇక మిగిలింది ఒక్కటే, చచ్చేముందు ఏం జరిగిందో మిషను రాసుకున్న చిట్టా చదవడం. చివరి వరుసల్లో ఉంది. మెమరీ మొత్తం నిండిపోయింది, ఇక చోటు లేక డెస్క్‌టాప్‌ను మిషనే చంపేసింది. మెమరీని మింగుతున్నది, తెర మీది ఫైళ్లకు చిన్న చిన్న బొమ్మలు తయారుచేసే ప్రోగ్రాము. ఏదో ఒక ఫైలును చూసి బొమ్మ గీయబోయి, అది ఎంతకూ అర్థం కాక మెమరీ అంతా తాగేస్తోంది.

ఏ ఫైలో చూద్దామనుకునేలోగా నా జడ పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు. కుర్చీతో సహా పడ్డాను. పైకి చూస్తే మా తండా పెద్దమ్మ. మా అమ్మకు చిన్నప్పటి నుంచి తోడు, నా చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. మా లంబాడీ భాషలో తిట్టింది. మనవాళ్ల నెత్తురు తుడిచి వాళ్ల పక్కన కూర్చున్నావని. ఆ మాట నిజం కాబట్టే నాకు అంత కోపమొచ్చిందనుకుంటాను. ఆమె మోకాలు నా ఛాతీ మీద పెట్టి రెండు చేతులతో నా గొంతు పట్టుకుంది. ఊపిరాడలేదు. చేతికి కీబోర్డు తీగ తగిలింది. కీబోర్డును లాగి, అంచుతో ఆమె మొహం మీద కొట్టాను. కనుబొమ మీద తోలు చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది. ఆమె వదిలి పక్కకు ఒరిగింది. వదిలాక కూడా నేను ఇంకోసారి కొట్టాను. అది అవసరం లేని దెబ్బ.

కుర్చీ ఎత్తుకుని కూర్చుని కీబోర్డు తీగ మళ్లీ గుచ్చాను. ఐదారు మీటలు ఊడిపోయాయి. ఎంటర్ మీట లేదు, దాని కింద రబ్బరు బొడిపె ఉంటే వేలితో అదే నొక్కాను. తెర మీద ఉండాల్సిన ఫైళ్ల పట్టిక వచ్చింది. అన్నీ నాకు తెలిసినవే, ఒక్కటి తప్ప. చాలా పెద్ద ఫైలు. పేరంతా అంకెలు. ముందు కెమెరా నంబరు, తర్వాత నిన్నటి తేదీ, ఆపైన మధ్యాహ్నం టైము. ఆ అంకెలను కళ్లు చూశాయి, బుర్ర చదవలేదు. నేర్చుకున్నప్పుడు మా సార్ వందసార్లు చెప్పారు, అనుమానం ఉన్న ఫైలును పక్కకు జరపాలి, చెరపకూడదు అని. జరపాలంటే ఇంకొక చోటు పేరు కూడా కొట్టాలి. ఆ పేరులో రావాల్సిన అక్షరాల మీటలు ఊడిపోయిన వాటిలో ఉన్నాయి. చెరపడానికి తక్కువ అక్షరాలు చాలు. చెరిపేశాను.

పాస్‌వర్డ్ కొట్టాను. పొలం వచ్చింది, ఐకాన్లు వచ్చాయి. ఎర్ర లైటు రెండుసార్లు మినుకుమని ఆరింది. పదిహేను. పదహారు. ముప్పై. వేలిముద్ర యంత్రం ఎప్పటిలా కూసింది. కంప్యూటర్ లేచింది, చిట్టీలు ఇస్తా, రండి అని గొంతు చించుకుని అరిచాను. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఒకాయన నిజంగానే పాసుబుక్కు తీసి నా వైపు రాబోయాడు.

కాకా కొడుకు అతన్ని పక్కకు నెట్టి వచ్చాడు. నా వైపు చూశాడు, తెర వైపు చూశాడు. రెండు చేతులతో మానిటరును ఎత్తితే తీగలు సాగి పటపటా తెగాయి. దాన్ని నెత్తిమీద దాకా లేపి, విరిగిన కిటికీలో నుంచి రోడ్డు మీదికి విసిరాడు. తర్వాత ప్రింటరు ఎత్తాడు. అది అతను నా మీదికి వేయలేదు, గోడకేసి కొట్టాడు. గోడకు తగిలి వచ్చి నా తల మీద పడింది.

పోలీసులు వచ్చేసరికి నేను గడప మీద కూర్చుని ఉన్నాను. లాఠీలు ఎడాపెడా పడ్డాయి. నా మొహమంతా నెత్తురు, జుట్టు విరబోసుకుని ఉన్నాను, చూడ్డానికి తండా మనిషిని. నేను దుకాణం పిల్లనని వాళ్లకెలా తెలుస్తుంది? నా వీపు మీద కూడా రెండు పడ్డాయి. చితికిన వేళ్లతో, పగిలిన మోకాళ్లతో జనం మక్క చేలల్లోకి ఉరికారు. గోదాము తలుపు తెరిచి సేటు బయటికి వచ్చాడు. ఒంటి మీద చిన్న గీత లేదు. రోడ్డు మీద అతని బామ్మర్ది బురదలో బోర్లా పడి ఉన్నాడు, కుడిచెయ్యి మోచేతి కింద ఎటో తిరిగి ఉంది.

జనగామలో నా తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. రెండో రోజు లేచి నడవగలిగాక మగవాళ్ల వార్డుకు పోయి కాకా మంచం పక్కన నిలబడ్డాను. దవడకు తీగలు బిగించారు. పెదాలు కదపకుండా, పళ్ల సందుల్లో నుంచి మాట్లాడుతున్నాడు. కొడుకును పట్టుకుపోయారని, ఇంకా పద్దెనిమిది మంది మీద దొమ్మీ కేసు పెట్టారని చెప్పాడు. తనను కొట్టిన సంగతి మాత్రం ఎవరూ రాసుకోలేదట. ముసలాయన్ని తాను అసలు ముట్టుకోనే లేదని, తోపులాటలో ఆయనే పడ్డాడని సేటు చెప్పాడట.

"కెమెరల పడ్డదేమో బిడ్డా. అండ్ల సూస్తే ఎవలు ముందు కొట్టిన్రో ఎర్కైతది" అన్నాడు.

అప్పుడు ఆ అంకెలు నా బుర్రలో ఒక్కొక్కటిగా తెలిశాయి. కెమెరా నంబరు, కాకాను కొట్టిన రోజు తేదీ, మధ్యాహ్నం. కెమెరాల డబ్బా రోడ్డు మీద బండ కింద నుజ్జయింది. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని నేను నా చేత్తో చెరిపాను. కాకా దుప్పటి సర్ది బయటికి వచ్చేశాను.

వారం తర్వాత సేటు పిలిపించాడు. కంప్యూటర్ డబ్బా సొట్టపడింది కానీ లోపలి డిస్కు బతికే ఉంది. "గా నాలుగొద్దులు ఎవలెవలు వచ్చిన్రో పేర్లు తీసియ్యి. పోలీసోళ్లకు ఇయ్యాలె" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి పోయాక బామ్మర్ది కెమెరాలో నుంచి ఒక ముక్క పెన్‌డ్రైవులోకి తీసి కంప్యూటర్‌కు ఎక్కించాడట. ఎక్కుతుండగానే తొందర మీద పెన్‌డ్రైవు లాగేశాడట. ఆ పెన్‌డ్రైవు చొక్కా జేబులో ఉండి బురదలో పోయింది. "ముసలోడు నా చెయ్యి పట్టింది అండ్ల ఉన్నది. దొరుకుతదేమో సూడు."

సగం ఎక్కి తెగిపోయిన ఫైలు. దాన్ని చూసే కంప్యూటర్ పదిహేను సెకన్లకోసారి చచ్చింది. చేసిన తప్పును కప్పుకోబోయి దుకాణాన్ని వాళ్లే ఆపుకున్నారు. వేలు పోయింది మాత్రం ఇంకెవరికో.

డిస్కు ఇంటికి తెచ్చుకున్నాను. చెరిపిన ఫైలు వెంటనే పోదు, దాని మీద కొత్తది రాసేదాకా లోపలే ఉంటుంది. తొర్రూరులో ఒక స్నేహితురాలి దగ్గర ల్యాప్‌టాప్ తెచ్చి, పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాముతో రెండు రోజులు పట్టి ముక్కలు ఏరాను. కాకాకు న్యాయం చేస్తున్నానన్న ఆశతోనే చేశాను. రెండో రోజు మధ్యాహ్నం వీడియో తెరుచుకుంది. కిటికీ కనిపించింది, నా తల వెనక భాగం కనిపించింది. ఊచల్లో నుంచి ఒక ముసలి చెయ్యి వచ్చి సేటు మణికట్టు పట్టుకుంది. సేటు విదిలించుకుని పక్క తలుపు వైపు తిరిగాడు. అక్కడ ఆగిపోయింది. ఎన్నిసార్లు తెరిచినా అక్కడే. దెబ్బ అందులో లేదు. ఎక్కకుండా తెగిపోయిన సగంలో ఉండిపోయింది.

ఉన్న ముక్క ఇస్తే, ముసలాయన ముందు చెయ్యేశాడని సేటు దాన్నే ఊరంతా చూపిస్తాడు. అమ్మ రెండుసార్లు టీ తెచ్చింది, రెండూ చల్లారిపోయాయి. తర్వాత దాన్ని చెరిపి, దాని మీద సున్నాలు రాయించాను, ఇంకెవరూ ఎప్పుడూ తీయలేకుండా. మొదటిసారి తెలియక చెరిపాను. ఈసారి తెలిసే చెరిపాను. పేర్ల పట్టిక కూడా దొరకలేదని చెప్పి డిస్కు తిరిగిచ్చాను. సేటు నా చెంప మీద కొట్టాడు. కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిననే ధీమా ఆ రోజుతో పోయింది.

అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కు పోయి, గొడవకు ముందురోజు కాకాకు జరిగింది కళ్లతో చూశానని, పిడికిలితో కొట్టాడని, బామ్మర్ది కాలితో తన్నాడని వాంగ్మూలం ఇచ్చాను. నెత్తురు తుడిచింది నేనేనని కూడా చెప్పాను. వీడియో మాట ఎత్తలేదు. పెద్దమ్మ కనుబొమ ఎలా పగిలిందని అడిగారు. నేనే కొట్టానన్నాను. ఆమెను పిలిచి అడిగితే, ఊచల చట్రం తగిలిందని చెప్పిందట. రాసుకునే ఆయన నా మాట కొట్టేసి ఆమె మాట ఉంచాడు.

కేసు చివరి దాకా పోలేదు. రెండు వైపుల పెద్దలు కూర్చుని రాజీ చేశారు. కాకా కొడుకు రెండు నెలలు లోపల ఉండి వచ్చాడు. చిటికెన వేలు తెగిన మనిషి ఇప్పుడు నాలుగు వేళ్లతోనే నాగలి పడుతున్నాడు. బామ్మర్ది కుడిచెయ్యి సగమే వంగుతుంది. సేటు దుకాణం నడుస్తూనే ఉంది, కిటికీకి ఊచలు ఇంకా లావువి పెట్టించాడు.

నేను భూపాలపల్లిలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని చూసుకున్నాను. పోయేముందు రోజు పెద్దమ్మ ఇంటికి పోయాను. కనుబొమ మధ్యలో వెంట్రుకల్లేకుండా ఒక గీత. రెండో దెబ్బ గురించి చెప్పి, తప్పయిందన్నాను. ఆమె జొన్నరొట్టె పొయ్యి మీద తిప్పుతూ మా భాషలోనే నెమ్మదిగా అంది. నేను మొదటి దెబ్బ కొట్టకపోతే ఆ రోజు నా గొంతు వదిలేది కాదట, ఆ సంగతి తనకు తెలుసట. రొట్టె నా కంచంలో వేసింది. ఇద్దరం తిన్నాం.

కాకా ఇప్పటికీ గట్టివేవీ నమలలేడు. రొట్టెను పాలలో నానబెట్టుకుని తింటాడు. నేను తండాకు పోయినప్పుడల్లా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడు, నా వాంగ్మూలం వల్లే కొడుకు తొందరగా బయటికొచ్చాడని అందరికీ చెబుతాడు. ఆ కెమెరా ఉంటే గనక రాజీ అవసరమే లేకపోయేదని, అందులో అంతా ఉన్నదని, సేటు జైలుకు పోయేవాడని అంటాడు. ఆయన అన్న ప్రతిసారీ నేను ఔనని తలూపుతాను.